బానెట్టు ఇవ్వని మేస్త్రీ

నా ఫోనులో "ఎత్తడు" అనే పేరు మీద ఒక నంబరు ఉంది. రెండేళ్ళ క్రితం ఒళ్ళు మండి నేనే పెట్టుకున్న పేరది. ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తని మనిషికి అంతకంటే తగిన పేరు నాకు తోచలేదు. మొన్న ఆదివారం పొద్దున నేను తోటలో, మా వైపు చీనీ అనే బత్తాయి చెట్ల పాదులు సరిచేస్తుంటే, ఆ నంబరు నుంచే నాకు ఫోను వచ్చింది.

పార పక్కన పడేసి ఎత్తాను. ఆడమనిషి గొంతు.

"సార్, నేను ట్రాక్టరు మేస్త్రీ కూతుర్ని. మీ బండి బానెట్టు మా షెడ్డులో ఉండాది. లోపలపక్క మీ నంబరు రాసుంటే చూసి చేస్తాండా. వచ్చి తీసుకపోండి సార్."

బానెట్టు అంటే ఇంజను మీద కప్పే రేకు మూత. రెండేళ్ళుగా నా ట్రాక్టరు అది లేకుండానే బోడిగా తిరుగుతోంది. ఆ మాట వినగానే నాకు పాత మంటంతా ఒక్కసారిగా పైకి లేచింది.

"ఏం, ఇన్నాళ్ళకు ఇయ్యబుద్ధయిందా మీ నాయనకు?" అన్నాను.



"మా అబ్బా లేడు సార్. పోయి పదైదు దినాలాయె."

ఆ మనిషి నన్ను విసిగించినంత ఇంకెవరూ విసిగించలేదు. ముప్పై ఏళ్ళుగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నవాణ్ణి, విసుగంటే ఏమిటో నాకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అయినా ఆయన నేర్పాడు. ఆఖరికి పోవడం కూడా, నేను ఆయనతో ఒక మాట చెప్పవలసి ఉండగా, చెప్పే సందు ఇవ్వకుండా పోయాడు.

పులివెందుల నుంచి తుమ్మలపల్లె వైపు పోయే దారిలో మాకు చిన్న చీనీ తోట ఉంది. నేనూ నా భార్యా ఆదివారాలూ సెలవులూ ధారపోసి పెంచిన తోట. రెండు వందల చెట్లు. ఐదో ఏడు వచ్చి, ఇక మొదటి కాపు కళ్ళ చూస్తామనుకునే వేళకు బోరు ఎండిపోయింది. ఇంకో బోరు వేయిస్తే తెల్లటి దుమ్ము లేచింది తప్ప చుక్క నీరు పడలేదు. రెండు కిలోమీటర్ల అవతల ఒక రైతు బావిలో నీళ్ళున్నాయి. తోలుకోండి అన్నాడు, మంచివాడు. కానీ తోలుకోవడం ఎలా? పెద్ద ట్రాక్టరు ట్యాంకరుతో సాళ్ళ మధ్య దూరిందంటే కాయల కొమ్మలన్నీ విరిగి కింద పడతాయి. పైగా ఎండాకాలం ఉన్న ట్యాంకర్లన్నీ ఊళ్ళకు తాగునీళ్ళు తోలడానికే చాలవు. అందుకని తోటల్లో తిరిగే చిన్న ట్రాక్టరు ఒకటి, అదీ ఎవరో వాడినది, కొందామని నిర్ణయించుకున్నాను. అప్పటికి శివరాత్రి వెళ్ళింది. ఉగాది లోపల చెట్లకు నీళ్ళు పడాలి. పడకపోతే ఐదేళ్ళ తోట కట్టెల కింద పోతుంది.

పత్తికొండలో ఒక టమోటా రైతు అలాంటి బండి అమ్ముతున్నాడని తెలిసి బయలుదేరాను. "ఒక మెకానిక్కును ఎంట తీసుకపో" అని నా భార్య చెప్పింది. "నాకు తెలీదా ఏంది?" అన్నాను. నాకు తెలిసింది వర్గసమీకరణాలు. ట్రాక్టరు గురించి తెలిసిందల్లా అది ఎర్రగా ఉందని. నిజంగానే ఎర్రగా, పెళ్ళికి తయారైనట్టు నిగనిగలాడుతూ ఉంది. దాని వెనకే చిన్న ట్యాంకరు కూడా ఇస్తానన్నాడు ఆ రైతు.

"దుడ్లు ముఖ్యం గాదు సారూ. నా బండి మంచోళ్ళ చేతికి పోవల్ల, అంతే" అన్నాడు.

ఆ మంచోణ్ణి నేనేనని మురిసిపోయి, లారీలో వేయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మూడో రోజు, రెండో ట్యాంకరుకే, ఇంజను తెల్లటి పొగ కక్కి దారి మధ్యలో ఆగింది.

చిన్న ట్రాక్టర్లు బాగుచేసేవాడు పులివెందులలో ఒక్కడే ఉన్నాడని, కడప రోడ్డులో షెడ్డని, ఎవరిని అడిగినా చెప్పారు. చెప్పేటప్పుడు ఒక్కొక్కరూ ఎందుకో కొంచెం నవ్వారు. నేను కంగారులో ఉండి అదేమిటని అడగలేదు.

ఆయన పేరు నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అందరికీ మేస్త్రీ. అప్పటికే అరవై దాటినవాడు. సన్నటి మనిషి, మోకాళ్ళ దాకా మడిచిన పైజామా, మోచేతుల దాకా నల్లటి మసి. గడ్డాన్ని అద్దం లేకుండా తనే కత్తిరించుకునేవాడు కాబోలు, ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి. ఇనుము దగ్గర వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని మనిషి గడ్డం దగ్గర ఇంత ఉదారంగా ఎలా ఉండేవాడో నాకు అర్థం కాలేదు.

బండిని లాక్కొచ్చి షెడ్డు ముందు నిలబెట్టగానే ఆయన రంగు వైపు చూడనైనా చూడలేదు. ఎలాగో ఒక నిమిషం స్టార్టు చేయించాడు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. లోపల ఎవరో ఆయనకు తమ బాధలు చెప్పుకుంటున్నట్టే ఉంది. తర్వాత ఇంజను ఆపించి నా వైపు తిరిగాడు.

"ఈ రంగు యాడ కొన్యావు సారూ?"

"రంగు కాదు, బండి. పత్తికొండలో."

"రంగే కొన్యావులే."

ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి నా ముక్కు ముందు పెట్టాడు. నల్లగా ఉండవలసిన ఆయిలు మజ్జిగలా ఉంది.

"నీళ్ళు ఆయిల్లోకి దిగినాయి. ఇంజను నెత్తిన బిగించే హెడ్డు వంకరపోయిండాది, దాని కింద సందు మూసే గ్యాస్కెట్టు కాలిపోయిండాది. అమ్మినాయప్పకు తెలుసు. తెలిసే రంగు పూసినాడు."

"ఎప్పటికి బాగైతుంది మేస్త్రీ? నాకు ఉగాది లోపల కావాల."

ఆయన ఇంజను వైపు గడ్డంతో చూపించాడు. "దాన్నే అడగల్ల సారూ."

ఆ రెండు నెలల్లో నేను కనీసం ముప్పైసార్లు అదే ప్రశ్న అడిగి ఉంటాను. ముప్పైసార్లూ అదే జవాబు. ఒక తేదీ చెప్పు, అది తప్పినా సరే, తిట్టుకోవడానికైనా నాకొక తేదీ కావాలి అని బతిమాలాను. చెప్పలేదు. అబద్ధమైనా చెప్పని పనివాడితో వేగడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఫోను సంగతి ఇంకా అన్యాయం. ఆయన ఫోను టిఫిను క్యారియరు పైగిన్నెలో ఉండేది. మసి, డీజిలు తగలకుండా దాచుకున్నాడట. మోగితే గిన్నె మొత్తం గణగణలాడేది. ఆయన తల కూడా తిప్పేవాడు కాదు.

"ఎత్తవేం మేస్త్రీ?"

"చేతులకు మసుంటే యెట్ల ఎత్తేది? పనుండేటోడు వస్తాడులే."

అందుకే నేను వెళ్ళేవాణ్ణి. బడి వదలగానే మోటారుసైకిలు మీద నేరుగా షెడ్డుకు. వెళ్ళినా కూర్చోనిచ్చేవాడా? బండిగలాయన పక్కన లేకుండా ఆయన ఒక్క బోల్టు విప్పడు. అది ఆయన పద్ధతి. నాలుగు రోజులు నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని పడి వెళ్ళలేకపోతే, ఆ నాలుగు రోజులూ నా బండి మీద చెయ్యి వెయ్యలేదు. ఐదో రోజు వెళ్ళి ఎగిరిపడితే, "నువ్వు రాలేదు గదా సారూ" అన్నాడు, తప్పంతా నాదేనన్నట్టు.

నాచేత బోల్టులు డీజిల్లో కడిగించాడు. ఒక అట్టపెట్టె చింపి, దాని మీద హెడ్డు ఆకారం గీసి, పది బోల్టులకు పది చిల్లులు పొడిచాడు. ఏ చోటి నుంచి తీసిన బోల్టు అట్టలో ఆ చోటే గుచ్చాలి. నేను ఒకసారి రెండు బోల్టులు తారుమారు చేస్తే దూరం నుంచే కనిపెట్టాడు.

"యాడిది ఆడనే ఉండల్ల సారూ. ఇన్నేండ్లు ఒక ఇంట్లో కాపురం జేసినదాన్ని తీసకపోయి ఇంకో ఇంట్లో పెడితే ఇముడుతుందా?"

"బోల్టులకు కాపురమేంది మేస్త్రీ! నేను కూలి ఇస్తాండా, నువ్వు పని చెయ్యి. నాచేత చేయిస్తావేంది?"

"చేస్తాండా గదా. నువ్వు చూడు."

"చూస్తే నాకేమొస్తుంది?"

"లోపల చూసినోడు బండిని బాధపెట్టడు" అన్నాడు, నా చేతికి ఇంకో బోల్టు ఇస్తూ.

హెడ్డును లేతు మిషను మీద సాపు చేయించడానికి కడపకు పోయాం. ఇద్దరం. నేను రాకపోతే ఆయన పోడు కదా, అందుకని సెలవు పెట్టాను. దాన్ని తువ్వాలులో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇరవై కిలోలకు తక్కువుండదు. "కింద పెట్టుకో ముసలాయనా" అని కండక్టరు చెప్పినా వినలేదు. గుంతల దారిలో కుదుపు తగులుతుందట. టిఫిను క్యారియరు మాత్రం నాకిచ్చాడు. దారంతా అది నా ఒళ్ళో మోగుతూనే ఉంది, నాలాంటి అభాగ్యుడెవడో చేస్తున్నాడన్నమాట.

సాపు చేయించుకుని తిరిగొచ్చాక, ఇంట్లోంచి ఒక అద్దం తెచ్చి హెడ్డును దాని మీద బోర్లించాడు. గోళ్ళ చివర బీడీ కాగితం పట్టుకుని చుట్టూ తోసి చూశాడు. మూడు మూలలా ఆగింది. నాలుగో మూల లోపలికి దూరింది.

"వంకర ఇంకా ఉండాది."

"కాగితమంతేగదా మేస్త్రీ!"

"నీళ్ళకు కాగితమంత సందు శానా ఎక్కువ సారూ. కర్నూల్లో ఒకాయన ఉండాడు, చెయ్యి మంచిది. ఆడికి పోవల్ల."

కర్నూలు! కడప కాదట, ఎక్కడో తుంగభద్ర ఒడ్డునున్న కర్నూలట. శుక్రవారం నమాజు అయినాక బయలుదేరుతానన్నాడు. ఈసారి నాకు సెలవు దొరకలేదు. ఏ కళనున్నాడో, ఒక్కడే పోవడానికి ఒప్పుకున్నాడు. పోయినవాడు ఐదు రోజులు రాలేదు. లేతు ఆయన బంధువుల పెళ్ళికి పోయి ఉంటే, అతను వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడట. నేను ఫోను చేశాను. టిఫిను గిన్నెలో మోగి ఉంటుంది. ఆ సాయంత్రమే నా ఫోనులో ఆయన పేరు చెరిపి "ఎత్తడు" అని రాసుకున్నాను.

ఈలోపల ఉగాది వెళ్ళిపోయింది. శ్రీరామనవమీ వెళ్ళింది. చీనీ ఆకులు చుట్టుకుపోయాయి. నిమ్మకాయంతైనా కాని కాయలు రాలి పాదుల్లో పడుతున్నాయి. నేనూ నా భార్యా బాడుగ ఆటోలో డ్రమ్ములు పెట్టుకుని, పొద్దున బడికి ముందు రెండు సార్లు, సాయంత్రం రెండు సార్లు నీళ్ళు తోలాం. బిందెలతో పోస్తే ఎన్ని చెట్లకని పోస్తాం? దారికి దగ్గరున్న సాళ్ళకు ముందు పోశాం. పడమటి సాళ్ళకు చేరేసరికి డ్రమ్ములో అడుగునే ఉండేది. అవి మా కళ్ళ ముందే ఎండిపోయాయి. నలభై మూడు చెట్లు. నా భార్య ఒక్కో చెట్టు బెరడు గోరుతో గీరి, లోపల పచ్చదనం ఉందేమోనని చూసేది. లేదంటే ఏమీ మాట్లాడకుండా పక్క చెట్టు దగ్గరికి పోయేది.

మేస్త్రీ కర్నూలు నుంచి వచ్చిన రోజు నేను షెడ్డులోకి పోతూనే అరిచాను. "సందుంటే ఉండనీ! బిగించియ్యి! నా చెట్లు చస్తాండాయి!"

ఆయన అద్దం మీద హెడ్డు బోర్లించి కాగితం తోస్తూనే ఉన్నాడు. నాలుగు మూలలా ఆగింది. అప్పుడు తలెత్తాడు.

"ముందరే బిగించిచ్చింటే వారానికి మల్లా మజ్జిగయితుండె. అప్పుడు ఆ ఉండే చెట్లకు దేంతో పోస్తావు సారూ నీళ్ళు?"

 ఆ మాట నిజమైనందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

ఇంకో మూడు రోజులకు బండి తయారైంది. స్టార్టు చేస్తే మెత్తగా, ఒక్క తీరున మోగింది. ఇన్నాళ్ళ కోపం కొంచెం దిగుతుండగా చూశాను, ఇంజను మీద బానెట్టు లేదు.

"బానెట్టేది మేస్త్రీ?"

"ఉండాది. ఇరవై గంటలు నడిపి రా. హెడ్డు ఇంకోసారి బిగించల్ల. ఇంజను కాగి చల్లారినాక గ్యాస్కెట్టు అణుగుతాది, బోల్టులు వదులయితాయి. అప్పుడు బిగించుకోకుంటే ఇంత చేసింది బూడిదలో పోసినట్టే. బిగించినాక బానెట్టు ఇస్తా."

"వస్తాలే మేస్త్రీ. బానెట్టియ్యి."

"అందరూ వస్తామనే అంటారు సారూ." షెడ్డు గోడ వైపు చూపించాడు. నీలంవి, పచ్చవి, ఎర్రవి, ఏడెనిమిది బానెట్టులు వరసగా ఆనించి ఉన్నాయి. "బండి నడిస్తే సాలు, ఒక్కడూ మల్లా రాడు. ఇది నా కాడ ఉంటే వస్తారు."

ఊళ్ళో అందరి నవ్వుకూ అర్థం అప్పుడు తెలిసింది. మా చుట్టుపక్కల ఊళ్ళలో బానెట్టు లేని చిన్న ట్రాక్టరు కనబడితే అది ఎవరి చేతిలో బాగుపడిందో చిన్నపిల్లలు కూడా చెబుతారట. మా ఊరి నడిబజారులో పోతుంటే అరుగు మీది వాళ్ళు ఊరుకున్నారా? "ఏం సారూ, బండికి తిరుపతిలో గుండు కొట్టించుకొస్తిరా?" అని ఒకడు. "జడుంటే బాగుండు" అని ఇంకొకడు. ఇంజనుతో సహా నేనూ కుతకుతలాడుతూ పోయాను.

ఇరవై గంటలు ఐదు రోజుల్లో అయిపోయాయి. నేను పోలేదు. చెట్లకు నీళ్ళు తోలడం ఆపితే ఎలా అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నా బానెట్టు తాకట్టు పెట్టుకుని నన్ను రప్పించుకుంటాడా, చూద్దాం ఎవరు ఓడతారో అన్న పంతం. యాభై ఏళ్ళు దాటిన లెక్కల మాస్టరు ఒక రేకు ముక్క కోసం పంతం పట్టడం నా భార్యకు వింతగా ఉండేది. "పోయి తెచ్చుకోరాదా?" అనేది. "వాడే తెచ్చిస్తాడు" అనేవాణ్ణి.

రెండో వారం ఒక మధ్యాహ్నం, తుమ్మలపల్లె గనికి షిఫ్టు మనుషులను తీసుకుపోయే బస్సు మా తోట దగ్గర ఆగింది. మేస్త్రీ దిగాడు. తల మీద తువ్వాలు, చేతిలో గుడ్డసంచి. ఆ ఎండలో కాకి కూడా బయట లేదు. నేను సంచి వైపు చూశాను. బానెట్టు పట్టేంత సంచి కాదది.

"బండి ఎప్పుడు ఆపినావు?" ఇదే పలకరింపు.

"పొద్దున."

"సల్లారింటాది. రా."

సంచిలోంచి పెద్ద పానా తీసి నా చేతికే ఇచ్చాడు. తను బిగించడు, నేనే బిగించాలి. ముందు నడిమివి రెండు. తర్వాత దీనికి ఎదురుగా అది, దానికి ఎదురుగా ఇది, అలా బయటికి పోతూ పోతూ ఆఖరుకు మూలలవి. నేను వరస తప్పిన ప్రతిసారీ మొదటికి తెచ్చాడు. ఇనుము కాలుతోంది, పానా జారుతోంది, చెమట కళ్ళలోకి కారుతోంది. ఆరో బోల్టు పావు చుట్టు తిరిగింది.

"చూసినావా? ఇంకో వారం నడిపింటే మజ్జిగే."

"సరే. బానెట్టేది?"

"షెడ్డులో ఉండాది."

"ఎట్లాగూ వస్తాండావు గదా, తేకూడదా?"

"తెస్తే నువ్వు రావు గదప్పా" అన్నాడు, అంత తెలివైన సారుకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "ఇంకొక్కసారి బిగించల్ల. కాయలు కోసినాక తీరిగ్గా రా. టీ తాగిపో."

నేను పానాను ఆయన సంచిలో పడేశాను. ఆయన మాత్రం చేతులు కడుక్కోవడానికి ట్యాంకరు వైపు పోతూ పడమటి సాళ్ళ దగ్గర ఆగిపోయాడు. ఎండిన నలభై మూడు చెట్లు అక్కడే ఉన్నాయి. వాటిని కొట్టేయడానికి మాకు చేతులు రాలేదు. ఆయన ఒక చెట్టు దగ్గరికి పోయి కొమ్మ పట్టుకుని వంచాడు. పుటుక్కున విరిగింది.

"ఇవి ఎప్పుడెండినాయి సారూ?"

"నా బండి నీ షెడ్డులో కూచోనుండినప్పుడు."

కొమ్మ చేతిలోనే ఉంది. "నా వల్లనేనా?" అన్నాడు.

కాదని చెప్పవచ్చు. బోరు ఎండింది ఆయన వల్ల కాదు. రంగు చూసి మోసపోయింది ఆయన కాదు. ఆయన ఆ వంకర హెడ్డే బిగించి ఇచ్చి ఉంటే నలభై మూడు కాదు, రెండు వందలూ పోయేవి. ఇదంతా ఆ క్షణానికే నాకు తెలుసు. లెక్క నాకు సరిగ్గానే వచ్చు. కానీ రెండు నెలల మంట గొంతులో ఉంది, ఎదురుగా ఆ మనిషి ఉన్నాడు.

"అవును. నీ వల్లనే" అన్నాను.

నా భార్య అప్పుడే చెంబుతో నీళ్ళు తెస్తోంది. ఆ మాట విని మధ్యలో ఆగిపోయింది. మేస్త్రీ ఆమె చేతిలోంచి చెంబు తీసుకుని సగం తాగాడు. మిగతా సగం ఆ ఎండిన చెట్టు పాదులో పోశాడు. "సరే సారూ" అని, సంచి తీసుకుని, రోడ్డు మీదికి పోయి బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు. మోటారుసైకిలు పక్కనే ఉంది. దిగబెడతానని నేను అనలేదు.

"ఆ మాట ఎట్ల వచ్చింది నీ నోట?" అని నా భార్య అడిగింది. ఆ వేసవి అంతా అడుగుతూనే ఉంది.

నూట యాభై ఏడు చెట్లు బతికాయి. ఆ ఏడూ కాసాయి, తర్వాతి ఏడూ కాసాయి. రెండు ఎండాకాలాలు ఆ బోడి ట్రాక్టరు రోజుకు ఆరేడు ట్యాంకర్లు తోలింది. ఒక్కసారి మొరాయించలేదు. కాయలు కోసిన ప్రతిసారీ, ఒక గంపెడు తీసుకుని షెడ్డుకు పోవాలనుకున్నాను. ప్రతిసారీ ఏదో పని అడ్డం వచ్చింది, లేకపోతే నేనే తెచ్చి అడ్డం పెట్టుకున్నాను. మొదట్లో పంతం. తర్వాత సిగ్గు. అప్పుడప్పుడూ ఫోను మాత్రం చేసేవాణ్ణి. ఎత్తడని తెలుసు. ఎత్తడని తెలుసు కాబట్టే చేశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కూతురి ఫోను వచ్చిన ఆ ఆదివారమే ట్రాక్టరు తోలుకుని, వెనక గంపెడు చీనీకాయలు పెట్టుకుని పులివెందులకు పోయాను. షెడ్డు ముందు అప్పటికే రెండు బోడి ట్రాక్టర్లు ఉన్నాయి. వాటి వాళ్ళు ఇంజన్ల మీద వంగి పానాలు తిప్పుతున్నారు. నన్ను చూసి ఒకాయన తల ఊపాడు. మా మధ్య పరిచయాలు అక్కర్లేకపోయాయి.

కూతురు ముప్పై ఏళ్ళ మనిషి, షెడ్డు పక్కనే ఇంటి వాకిట్లో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. తల్లి లోపలి గదిలో ఉందట, భర్త పోతే నాలుగు నెలల పది రోజుల దాకా బయటికి రాకపోవడం వాళ్ళ ఆచారమట. నేను కాయలు అరుగు మీద పెట్టాను.

"రెండోసారి బిగించుకున్యారా సార్?" అని అడిగింది. పలకరింపు అచ్చం తండ్రిదే.

"లేదమ్మా."

"అట్లయితే బిగించుకోని తీసుకపోండి సార్. పానా ఆ మేకుకు ఉండాది. బిగించకుండా ఎవ్వరికీ ఇయ్యొద్దని చెప్పిపోయినాడు అబ్బా."

చచ్చి కూడా నాచేత పని చేయించుకుంటున్నాడు! నిజంగానే కోపం వచ్చింది నాకు, ఆ షెడ్డులో నిలబడి. ఇంజను చల్లారేదాకా ఆగాలి కాబట్టి గంటన్నర రాయి మీద కూర్చున్నాను. తర్వాత పానా తీసుకున్నాను. ముందు నడిమివి రెండు. తర్వాత దీనికెదురుగా అది, దానికెదురుగా ఇది. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా తప్పలేదు. పది బోల్టులూ పట్టి చూశాను. రెండేళ్ళు నడిచినా ఒక్కటీ వదులు కాలేదు.

ఎర్ర బానెట్టు గోడకు ఆనించి ఉంది. తుప్పు పట్టిన చోట రేకు కోసి అతుకు వేసి, నున్నగా గీకి, మళ్ళీ రంగు వేసి ఉంచాడు. దుమ్ము పడకుండా పాత చీర కప్పాడు. తిప్పి చూస్తే లోపలివైపు తెల్ల రంగుతో నా నంబరు, దాని పక్కన ఉర్దూలో ఒక ముక్క, దాని కింద ఇంకో చిన్న ముక్క ఉన్నాయి.

"ఇదేం రాసినాడమ్మా?"

ఆ అమ్మాయి చూసి చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం లేదులే సార్."

"చెప్పు, పర్వాలేదు."

"అందరికీ ఇట్లనే రాసినాడు సార్, పేర్లు గుర్తుండవని. మామిడికాయల ఆయప్ప అని, కుంటికాలు మామ అని. మీది... 'గుస్సా సార్' అని రాసినాడు, కోపం సార్ అని."

రెండేళ్ళుగా నా ఫోనులో ఆయన "ఎత్తడు", ఆయన రాతలో నేను "గుస్సా సార్". నవ్వు రావాలి నాకు. సగం వచ్చింది కూడా.

"కిందది?"

"అది మీ ఒక్కరిదానికే ఉండాది సార్. 'వస్తాడు' అని రాసినాడు."

నేను బానెట్టు పట్టుకుని నిలబడ్డాను. రెండేళ్ళుగా గొంతులో పెట్టుకు తిరిగిన మాటను ఎవరికో ఒకరికి చెప్పకుండా ఆ షెడ్డు దాటలేననిపించింది.

"అమ్మా, ఆ చెట్లు ఎండింది మీ నాయన వల్ల కాదమ్మా. నేను కోపంలో అట్ల అన్నాను. ఆయన వల్లనే తక్కినవన్నీ బతికినాయి. ఈ మాట చెప్పల్లనే అనుకుంటా ఉంటి, ఇన్నాళ్ళూ రాలేకపోతి."

ఆ అమ్మాయి నా ముఖంలోకి అయోమయంగా చూసింది.

"ఏ చెట్లు సార్?" అని అడిగింది. "అబ్బా మాకు ఏ చెట్ల సంగతీ చెప్పలేదే."